గడ్డిలో కుట్టుమిషను

ఆ ఆదివారం నేను కోడిపుంజు కంటే ముందే లేచాను. దానికి ఆ సంగతి నచ్చినట్టు లేదు. రేకుల గూడు తలుపు మీద నేను చెయ్యి వేయగానే లోపల గొంతు సవరించుకుని, ఆఫీసుకి ఆలస్యమైన గుమాస్తాలా గబగబా ఓ కూత కూసి పని అయిందనిపించింది. మావయ్య దానికి ఇనస్పెక్టరని పేరు పెట్టాడు. రోజంతా అటూ ఇటూ తిరుగుతూ అందరినీ అదిలిస్తుంది, పని మాత్రం చెయ్యదు.

"ఇవాళ మనం గడ్డిలోకి వెళ్తున్నాం," అని చెప్పాను వాటికి. మనుషులతోనైతే అంత మాట అనడానికి నాకు కాస్త సమయం పడుతుంది. కోళ్లతో ఆ ఇబ్బంది లేదు.

మాది పెరడని పేరే గాని మూడు పక్కలా గోడలు, కింద సిమెంటు. బట్టలుతికే రాయి, నీళ్ల డ్రమ్ము, మూలన రేకుల గూడు. చలికాలంలో ఆ గూడు వెచ్చగా బాగానే ఉంటుంది. ఎండలు ముదిరితే మాత్రం రేకు మీద చెయ్యి పెట్టలేం. కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని, నీళ్ల గిన్నె చుట్టూ నిలబడి రొప్పుతాయి. కిందటి వేసవిలో రెండు చచ్చిపోయాయి. వాసన కూడా అప్పుడే. అది తిన్నగా అమ్మ పనిచేసే గదిలోకి వచ్చేది.

అమ్మ దర్జీ. వెనక గదిలో, పెరటి కిటికీ పక్కనే ఆమె కుట్టుమిషను ఉంటుంది. కాలితో తొక్కేది, పాతది, ఇనప కాళ్లది. బడులు తెరిచే రోజులు దగ్గర పడేకొద్దీ ఆ గదిలో యూనిఫాం గుడ్డ నడుమెత్తున పేరుకుంటుంది. కిందటేడు ఒక పిల్లాడి కొత్త చొక్కా జేబులో కోడి ఈక వచ్చింది. వాళ్లమ్మ ఆ ఈకను రెండు వేళ్లతో పట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడి, "ఇది చొక్కాతో పాటు ఊరికే ఇచ్చారా?" అని అడిగింది. ఆ మాట అమ్మకి ఇప్పటికీ మింగుడు పడలేదు.

కాబట్టి ఈసారి ఎండలు మొదలవగానే తేల్చేసింది.

"వేసవిలో ఇవి ఈ పెరట్లో ఉండటానికి వీల్లేదు. ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. ఆదివారం సాయంత్రం కోళ్లాయన్ని రమ్మన్నాను. ఆ లోపు చోటు కుదిరితే సరే, లేదంటే అన్నీ ఆయన బుట్టలోకే."

కోళ్లాయన అంటే సైకిలుకి రెండు పక్కలా బుట్టలు కట్టుకుని వీధులు తిరిగే మనిషి. కొన్న కోళ్లు ఎక్కడికి వెళ్తాయో అందరికీ తెలుసు. మావాటిని గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చినప్పటినుంచీ నేనే పెంచాను. తెల్లగా, మెడ నిక్కించి నడిచేది దొరసాని. ఎవరి ముక్కు కిందిది వాళ్లను తిననివ్వనిది గయ్యాళి. ఎప్పుడూ వెనకబడేది బద్ధకం. వీటిలో ఏ ఒక్కటీ బుట్టలో తలకిందులుగా పోవడం నేను ఊహించుకోలేను.

చోటు నేనే వెతికాను. మా వెనక సందు దాటితే లాండ్రీ అత్తయ్య ఆవరణ. మాకు చుట్టమేం కాదు, వీధిలో అందరికీ అత్తయ్యే. ముందు ఇస్త్రీ గది, దానికో వరండా, వెనక దుప్పట్లు ఆరేసే తీగలు, వాటి అవతల గడ్డి. ఆఖరుసారి జాడించిన నీళ్లు అటే పారతాయి కాబట్టి ఊళ్లో మిగతా నేలంతా ఎండి బీటలు వారినా అక్కడ మాత్రం పాదం మునిగేంత పచ్చిక ఉంటుంది. వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

"ఏంటే? నిలబడితే నాకెలా తెలుస్తుంది? నోరు తెరువు," అంది ఇస్త్రీ ఆపకుండా.

తెరిచాను. విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది.

"కోళ్లకి వేసవి విడిదా! నన్ను ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క రోజు ఎక్కడికీ తీసుకెళ్లలేదు. సరే, రానీ. కానీ విను. నా గడ్డి బోడిగుండు కాకూడదు. గూడు రోజూ పొద్దున్నే కొత్త చోటికి జరపాలి. ఇంకోటి, లాడ్జి దుప్పట్ల మీద ఒక్క కోడి కాలు పడిందా, ఆ రోజే ఖాళీ చేయించేస్తా."

గూడు చేసే పని మావయ్య తీసుకున్నాడు. అమ్మకి తమ్ముడు. మా ఇంట్లోనే ఉంటాడు, వీధి చివర వెల్డింగు షాపు. అడుగు లేని పెట్టె కావాలని చెప్పాను. చుట్టూ వల, ఒక పక్క తలుపు, నీడకి పైన సగం రేకు. కోళ్లు లోపల ఉండగానే పట్టుకుని జరిపేలా ఉండాలి. "తేలిగ్గా ఉండాలి మావయ్యా," అన్నాను. వెళ్లబోయి మళ్లీ వెనక్కి వచ్చి, "తేలిగ్గా," అన్నాను.

"అర్థమైందే మౌనస్వామీ. ఒక్క వేలితో జరుపుతావు చూడు."

మావయ్య దుకాణాలకి గేట్లు, మెట్లకి కటకటాలు చేస్తాడు. నేను సాయంత్రం టీ తీసుకెళ్లినప్పుడల్లా గూటికి ఏదో ఒకటి కొత్తగా అతికి ఉండేది. కుక్క తోస్తే పడిపోకుండా అడ్డకమ్మీ. గాలివానకి లేచిపోకుండా మూలల్లో ఇనప బద్దలు. దొంగ రాకుండా గొళ్లెం, ఆ గొళ్లేనికి తాళం వేసుకునే రింగు. చివరి రోజున తలుపు మధ్యలో ఇనప పువ్వొకటి విచ్చుకుంది. ఆకుపచ్చ రంగు ఇంకా ఆరకముందే అమ్మని చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

"వందేళ్లు చెక్కుచెదరదు అక్కా!"

"కోడి ఎన్నేళ్లు బతుకుతుందిరా?" అంది అమ్మ.

మావయ్య పువ్వుకి ఇంకో పూత వెయ్యడం మొదలుపెట్టాడు.

సరే, ఆదివారం వచ్చింది. గూడు మొయ్యడానికి మావయ్య, ఆయన షాపులో పనిచేసేవాళ్లు ఇద్దరు, టీకొట్టాయన వచ్చారు. నలుగురూ నాలుగు మూలలా వంగి "హుప్" అన్నారు. గూడు లేవలేదు. టీకొట్టాయన నడుం పట్టుకుని, "లోపల కోళ్లున్నాయా అప్పుడే?" అని అడిగాడు.

"లేవు," అన్నాడు మావయ్య.

"మరి ఏనుగు గాని ఉందా?"

ఎలాగో లేపారు. నాలుగడుగులు వెయ్యడం, దింపడం, తిట్టుకోవడం, మళ్లీ ఎత్తడం. సందు మలుపులో ఇరుక్కుంటే నిలువుగా తిప్పారు. "ఎత్తు ఎత్తు... నా కాలు! నా కాలురా నాయనా!" కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. నేను ముందు పరిగెత్తి ఆవరణ గేటు బార్లా తెరిచి పట్టుకున్నాను. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, మోస్తున్నది నేనేనేమో అనిపించింది. గడ్డి మధ్యలో దాన్ని దింపగానే ఇనప అంచులు మెత్తటి నేలలోకి బొటనవేలు మందాన దిగిపోయాయి.

లాండ్రీ అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"బాగుందయ్యా. జైలా?"

"గూడు," అన్నాడు మావయ్య చెమట తుడుచుకుంటూ.

"రేపు పొద్దున దీన్ని ఎవరు జరుపుతారు? ఈ పిల్లా?"

మావయ్య నా చేతులకేసి చూశాడు. తన షాపువాళ్లకేసి చూశాడు. వాళ్లప్పటికే గేటు దాటి కాళ్లకు బుద్ధి చెప్పారు. టీకొట్టాయనకి ఉన్నట్టుండి పాలు పొంగుతున్న సంగతి గుర్తొచ్చింది.

"రేపటి సంగతి రేపు," అన్నాను నేను. అంత ధైర్యంగా ఎలా అన్నానో తెలియదు. నాకు ముందు కోళ్లను గడ్డిలో చూడాలని ఉంది.

అత్తయ్య మాసిన బట్టల బుట్టలు ఇచ్చింది. వాటిలో కోళ్లను కూర్చోబెట్టి, పైన పాత దుప్పటి ముక్కలు కప్పి, నేనూ మావయ్యా సందు దాటించాం. చీకటి పడిందనుకుని అవి బుట్టల్లో గుసగుసలాడుకున్నాయి. ఇనస్పెక్టరు మాత్రం దారంతా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు. గూట్లో దింపి గుడ్డలు తీశాను.

దొరసాని ముందు దిగింది. గడ్డి మీద ఒక కాలు పెట్టి, వెంటనే ఎత్తేసింది. ఎత్తిన కాలిని అలాగే పట్టుకుని నిలబడి, తల వంచి ఒక కంటితో చూసింది, తర్వాత రెండో కంటితో చూసింది. అది పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి సిమెంటు తప్ప ఇంకో నేల తొక్కలేదు. మళ్లీ మెల్లగా కాలు దింపింది. ఒక పరక కొరికింది. అంతే! మిగతావన్నీ బుట్టల్లోంచి దూకాయి. పరకలు పుటుక్కుమని తెగే చప్పుడు నా చెవులకు స్పష్టంగా వినిపించింది. గయ్యాళి తిండి విషయంలో ఎవరినీ అదిలించడం మరిచిపోయింది. బద్ధకం ఒక మిడత వెంట పరిగెత్తింది. బద్ధకం పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నేను చప్పట్లు కొట్టానట, మావయ్య తర్వాత చెప్పాడు.

కానీ ఆ సంబరంలోనే ఇంకోటి కూడా కనిపించింది. కోళ్లన్నీ రేకు నీడలోనే గీరుతున్నాయి. మధ్యాహ్నానికి అక్కడి గడ్డి వేళ్లతో సహా లేచిపోయి మట్టి కనిపిస్తోంది. మావయ్యా నేనూ ఒక పక్క పట్టి లాగాం. అత్తయ్య కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని పట్టింది. గూడు ఈ చివరినుంచి ఆ చివరికి మూలిగింది గాని కదల్లేదు.

"పువ్వొకటి కోసేస్తే తేలికవుతుందేమో," అంది అత్తయ్య.

"పువ్వు జోలికి రావద్దు," అన్నాడు మావయ్య.

నేను వెళ్లి గూడు తలుపు తెరిచేశాను.

"ఏయ్, ఏం చేస్తున్నావే?"

"గూడు జరగదు కదా అత్తయ్యా. కోళ్లు జరుగుతాయి. ఆవరణంతా తిరిగితే ఏ ఒక్క చోటా బోడి అవదు. దుప్పట్లు ఇవాళ మేడమీదే కదా ఆరేశారు. రాత్రి పడుకోడానికి మాత్రం గూట్లోకి వస్తాయి."

నా జీవితంలో అంత పొడుగ్గా ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తయ్య దోపుకున్న కుచ్చిళ్లు దించుకుంది.

"సాయంత్రం లోపలికి తోలే పూచీ ఎవరిది?"

"నాది."

ఆ మధ్యాహ్నం ఎంత బాగుందో! కోళ్లు గడ్డి మీద పరుచుకుని తిరిగాయి. నేను వరండా అంచున కూర్చుని వాటినే చూశాను. వాసన లేదు. ఎండ ఉంది గాని గాలి కూడా ఉంది. ఒక్కటి కూడా నోరు తెరిచి రొప్పలేదు. ఇది అమ్మ చూస్తే చాలు అనుకున్నాను.

పొద్దు వాలేసరికి లాడ్జినుంచి ఇంకో మూట దుప్పట్లు వచ్చాయి. మేడమీద చోటు లేక అత్తయ్య వాటిని గడ్డి పక్కన తీగల మీద వేసింది. తెల్లగా, నేలకి జానెడు ఎత్తున. "ఇంక తోలెయ్యవే," అంది. సరిగ్గా అప్పుడే సందులో సైకిలు గంట మోగింది. కోళ్లాయన మా ఇంటికి వెళ్తే, వాటికి చోటు కుదిరిందో లేదో చూసుకోమని అమ్మ ఇటు పంపిందట. గేటు దగ్గర సైకిలు ఆపి, బుట్టలు విప్పుతూ, "ఎన్ని ఉన్నాయి పాపా?" అన్నాడు.

నేను బదులు చెప్పకుండా గూటి తలుపు దగ్గరికి వెళ్లి, నీళ్లు పెట్టి, గింజలు చల్లి, బా బా బా అని పిలిచాను. ఒక్కటి రాలేదు. ఆ ఇనప పెట్టె తమ ఇల్లని వాటికి ఎవరు చెప్పారు? అన్నీ కలిసి మా ఇంటి వైపు గోడ కిందకి చేరాయి. అక్కడినుంచి తోలితే ఇటు, ఇటునుంచి తోలితే అటు. మావయ్య రెండు చేతులూ చాచి దొరసాని మీదకి దూకి గడ్డిని కౌగిలించుకున్నాడు. ఇనస్పెక్టరు ఎగిరి నీళ్ల తొట్టి గట్టెక్కి అక్కడినుంచి అందరినీ తిట్టాడు.

"దుప్పట్లు! నా దుప్పట్లు!" అత్తయ్య ఒక చీపురు పట్టుకుని తీగల ముందు అటూ ఇటూ పరిగెత్తుతోంది. "గయ్యాళి లోపల దూరుతోందే! పట్టు, పట్టు!"

కోళ్లాయన గేటుకి ఆనుకుని హాయిగా నవ్వుతున్నాడు. "ఎందుకమ్మా ఈ తంటాలు? పది నిమిషాల్లో నేను పట్టి చూపిస్తా. అమ్మగారితో మాట అయిపోయింది కదా."

వెలుగు తగ్గిపోతోంది. సందులో కుక్క ఒకటి ఆగి, గేటు కింద ముక్కు పెట్టి వాసన చూస్తోంది. పరిగెత్తడం ఆపి నిలబడిపోయాను. నేను నిలబడితే కోళ్లూ నిలబడ్డాయి.

అప్పుడు చూశాను. గోడ కింద ఉన్నవన్నీ తలలు ఒకే పక్కకి వంచి ఉన్నాయి. ఏదో వింటున్నట్టు. కాసేపటికి తలలు దించాయి. మళ్లీ ఒక్కసారిగా వంచాయి. నేనూ తల వంచాను. గాలి ఆగినప్పుడు గోడ అవతలనుంచి, సందు అవతలనుంచి, దారమంత సన్నగా వినిపించింది. టకటకటకటక. ఆగింది. కోళ్లు తలలు దించాయి. టకటకటక. తలలు లేచాయి.

మా ఇంట్లో అమ్మ మిషను తొక్కితే కోళ్లు ఎక్కడున్నా కిటికీ కిందకి చేరతాయి. అది నేను ఎన్నోసార్లు చూశాను. అక్కడ నీడ ఉంటుందని అనుకునేదాన్ని. అమ్మ మాత్రం "పొండి, పొండి అవతలికి!" అని కిటికీలోంచి అరుస్తూనే ఉంటుంది. ఆ మాట విని పోయిన కోడి ఒక్కటీ లేదు.

నేను పరిగెత్తాను. చెప్పులు గడ్డిలోనే ఉండిపోయాయి. వెనక తలుపు తోసుకుని గదిలోకి వచ్చి పడ్డాను.

"అమ్మా, మిషను కావాలి!"

"దేనికే?" అంది అమ్మ తల ఎత్తకుండా. చొక్కా కాలరు కుడుతోంది.

"కోళ్లకి!"

అమ్మ కాలు ఆగింది. "ఏం, వాటికీ యూనిఫాంలా?"

నాకు ఊపిరి అందలేదు. ఉన్న రెండు మాటల్లో చెప్పాను. రావట్లేదు, మిషను చప్పుడు వింటున్నాయి, చీకటి పడుతోంది. అమ్మ నా ముఖంలోకి, నా ఉత్తి కాళ్లకేసి చూసింది. నా వెనకే మావయ్య వచ్చాడు. ఇనప మిషను ఒక్కడివల్లా కాదని కోళ్లాయన్ని కూడా పిలుచుకొచ్చాడు.

"ఆగండాగండి! సూది కింద కాలరుంది. దారం తెగిందంటే ఇద్దరి వీపులూ కుట్టేస్తా!"

కాలరు అలాగే ఉండిపోయింది. మావయ్య ఒక పక్క, కోళ్లను పట్టుకుపోవడానికి వచ్చిన కోళ్లాయన ఇంకో పక్క మిషను మోస్తుంటే, సూది కిందనుంచి వేలాడుతున్న చొక్కాని రెండు చేతుల మీదా పట్టుకుని అమ్మ వాళ్లతో పాటు నడిచింది. "మెల్లగా. గుంట ఉంది. మెల్లగా అంటే నీక్కాదూ!" నేను ముందు పరిగెత్తి, రాయి విసిరి కుక్కని తరిమి, గేటు తెరిచాను.

గూటి తలుపు పక్కన దింపారు. మిషను ఒక పక్కకి ఒరిగింది. అమ్మ దాని కాలి కింద ఇటుక ముక్క పెట్టించింది. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. చుట్టూ ఒకసారి చూసింది. మావయ్య మోకాళ్లకి గడ్డి మరకలు, అత్తయ్య చేతిలో చీపురు, గట్టు మీద ఇనస్పెక్టరు.

"అందరూ నోరు మూసుకోండి," అని చక్రం తిప్పి కాలు వేసింది.

టకటకటకటక.

గోడ కింద తలలన్నీ ఒక్కసారే లేచాయి. దొరసాని ముందు వచ్చింది. నడవలేదు, రెక్కలు సగం విప్పి, మెడ చాచి, పరిగెత్తింది. దాని వెనక మిగతావి. దుప్పట్ల కిందనుంచి గయ్యాళి బయటపడి, ఒక్క దుప్పటికీ తగలకుండా దూసుకొచ్చింది. బద్ధకం చివర్న వచ్చింది గాని పరిగెత్తుకుంటూనే వచ్చింది. ఇనస్పెక్టరు గట్టు మీదనుంచి ఎగిరి అమ్మ పాదాల దగ్గర దిగాడు. మేమంతా కేకలు పెట్టాం. కోళ్లాయన కూడా, "అబ్బో! అబ్బబ్బో!" అని తొడ చరుచుకున్నాడు.

అన్నీ మిషను చుట్టూ చేరి అమ్మ ముఖంలోకి చూస్తున్నాయి. అమ్మ కాలరు కుడుతూనే, చూడకుండా, ఎడమ చేత్తో మిషను డ్రాయరు లాగింది. చేతికి అలవాటైన పని అది. గుప్పెడు నూకలు తీసి, పక్కనున్న గూట్లోకి విసిరింది.

"పొండి, పొండి అవతలికి!"

కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోయాయి. నేను తలుపు మూసి గొళ్లెం పెట్టాను.

మావయ్య వంగి డ్రాయరులోకి చూశాడు. బాబిన్లు, సూదుల పొట్లం, కొలతల టేపు, వాటన్నిటినీ సగం కప్పేసి నూకలు.

"అక్కా, ఇవేంటి? ఏ చొక్కాకి పెడతారివి?"

"అరుస్తుంటే చెవులు చిల్లులు పడుతున్నాయని పడేస్తాను. నోరు మూస్తాయని." అమ్మ ముఖం ఎర్రబడింది. "ఏంటలా చూస్తారు? ఎప్పుడూ నూకలు చూడలేదా?"

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను నేను.

అమ్మ వంగి, దగ్గరికి వచ్చిన దొరసానిని వలలోంచి చూసింది. గడ్డి మీదనుంచి గాలి వచ్చి చొక్కా చేతుల్ని కదిలించింది. ఆమె ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఇక్కడ వాసన లేదే," అంది.

"నా ఆవరణలో వాసనేంటి? సబ్బు వాసన తప్ప!" అంది అత్తయ్య. "వరండా ఖాళీగానే ఉంది. మిషను అక్కడ వేసుకో. నాకూ మాట్లాడే మనిషి దొరుకుతుంది. నీ కూతురితో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే."

"నా గదిలో ఉక్క చంపేస్తోంది ఎలాగూ," అంది అమ్మ, తనకి తాను చెప్పుకుంటున్నట్టు.

కోళ్లాయన ఖాళీ బుట్టలకేసి చూసి, గొంతు సవరించుకున్నాడు. "మరి నేను..."

"కనపడట్లా? పనిలో ఉన్నాను," అంది అమ్మ. అంతలోనే, "మిషను మోశావు, టీ తాగి వెళ్లు," అంది.

అతను బుట్టలు మళ్లీ సైకిలుకి కట్టేసుకున్నాడు. నేను గడ్డిలో కూర్చుండిపోయాను. గడ్డి చల్లగా ఉంది. గూట్లో కోళ్లు అడ్డకమ్మీ ఎక్కి సర్దుకుంటున్నాయి. కుక్క తోస్తే పడిపోకుండా మావయ్య అతికిన కమ్మీ అది. దాని మీద అన్నిటికీ సరిగ్గా చోటు కుదిరింది.

"చూశావా?" అన్నాడు మావయ్య, తను దానికోసమే పెట్టినట్టు.

"చూశాం లే. ఆ పెట్టె ఎలాగూ కదలదు. ఇంక నేనే కదలాలి," అంది అమ్మ. కాలరు చివర దారం పంటితో తెంపి, చొక్కా దులిపి, చూపు ఆనేంత వెలుతురు ఇంకా ఉందా లేదా అని ఆకాశం వైపు చూసింది. "ఏమే, నిన్నే! కూర్చున్నది చాలు. ఇంటికెళ్లి నా స్టూలు పట్రా. ఈ బకెట్ మీద నడుం విరుగుతోంది. వచ్చేటప్పుడు నూకల డబ్బా కూడా తీసుకురా. వంటింట్లో కాదు, నా గదిలో యూనిఫాం మూటల వెనక ఉంటుంది."

నేను అప్పటికే పరిగెడుతున్నాను.